ఊపిరి కొలవడానికి పలమనేరు దాకా

నేను తిరుపతి వెళ్ళొచ్చానని తెలిసి, ఆదివారం ఆరాధన దగ్గర మన సంఘంలో ముగ్గురు నలుగురు నా గుండు వైపు చూశారు. ఆ గుండు ఇరవై ఏళ్ళ నాటిదనీ, దానికీ ఆ ఊరికీ ఏ సంబంధమూ లేదనీ వాళ్ళకు తెలుసు. అయినా చూశారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నా మేనకోడలు ఎస్తేరు తిరుపతిలో ఒక ఇంజనీరింగు కళాశాలలో పరిశోధన చేస్తోంది. మనిషి ఊపిరితిత్తుల్లో గాలి ఎలా పారుతుందో కంప్యూటరులో లెక్క కట్టడం ఆమె పని. జూన్ నెలాఖరులో మా చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, పిల్ల సరిగ్గా తినడం లేదు. మూడేళ్ళ పని ఉంచాలో తీసేయాలో వాళ్ళ ప్రొఫెసరుగారు సోమవారం తేలుస్తారట. నువ్వు వెళ్ళి పక్కన కూర్చో, ప్రార్థన చెయ్యి" అంది. బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి, సంఘంలో పెద్దను. రెండు విధాలా నేనే తగినవాణ్ణని ఆమె నమ్మకం. గురువారం పొద్దున బాపట్లలో రైలెక్కాను.

గూడూరు తర్వాత ఒక సీసా నీళ్ళు

గూడూరులో ఒక కుటుంబం ఎక్కింది. తొమ్మిది మంది. పులికాట్ ఒడ్డున ఏదో పల్లెలో పెళ్ళి చూసుకుని కాళహస్తికి తిరిగి వెళ్తున్నారు. పెళ్ళివారు పెట్టిన ఎండు రొయ్యల మూట సీటు కిందికి తోయగానే పెట్టె మొత్తానికీ సంగతి తెలిసిపోయింది. వాళ్ళలో పెద్దావిడ నా ఎదురుగా కూర్చుని నన్ను తేరిపార చూసింది.

"కొండకేనా సామీ?"

"తిరుపతికేనమ్మా, కొండ మీదికి కాదు."

"గుండు మాత్రం ముందే సేయించుకోని పోతా ఉండారే!"

"ఇది ఎవరూ చేయలేదమ్మా. దానంతటదే అయింది."

"అయితే మీకు క్యూ తప్పింది పోండి" అని ఆమె నవ్వితే తొమ్మిది మందీ నవ్వారు. నేనూ నవ్వాను. వాళ్ళు పెట్టిన మురుకులు తిన్నాను. మన జంతికల్లాగానే ఉంటాయి గానీ నువ్వులు ఎక్కువ.

మురుకుల తర్వాత నీళ్ళ సీసా చేతులు మారింది. తల వెనక్కి వాల్చి, సీసాను జానెడు పైకెత్తి, గొంతులోకి ధారగా పోసుకుని పక్కవారికి ఇస్తున్నారు. రైలు ఊగుతున్నా ఒక్క చుక్క ఒలకలేదు. నా వంతు వచ్చింది. మన వైపు కూడా ఇలా తాగేవాళ్ళు ఉన్నారు గానీ నాకు ఆ విద్య అబ్బలేదు. రెండు గుక్కలు చొక్కా తాగింది. ఇక లాభం లేదని సీసా నోట కరుచుకుని తాగాను. తిరిగి ఇవ్వబోతే ఆవిడ మెత్తగా, "ఉంచుకోండి సామీ, అది మీకే" అంది. మంచినీళ్ళ సీసా పన్నెండు రూపాయలు. ఎంత ఉదారం అనుకున్నాను. పాతికేళ్ళు పాఠాలు చెప్పినవాడికి ఆ చిన్న పాఠం అప్పటికప్పుడు అర్థం కాలేదు.

ఆవిడ భర్త తమ ఊరి గుడి సంగతి చెప్పాడు. "మా సామి గాలి సామి. లోపల గాలి దూరే సందు ల్యా. దీపం మాత్రం ఊగతానే ఉంటాది." ఆయన చెప్పిన తీరులో నిండు భక్తి ఉంది. నేను నమ్మిన లేఖనాల్లో దేవుడు మట్టిబొమ్మ ముక్కులోకి ఊదితే మనిషి లేచి కూర్చున్నాడు. గాలి ముందు తల వంచడంలో మేమిద్దరం ఒకటే కదా అనుకున్నాను. కాళహస్తిలో వాళ్ళు దిగిపోయాక కూడా సీటు కింద రొయ్యల వాసన మిగిలింది.

కొండ కింద, రెండున్నర రోజుల లెక్క

స్టేషను బయట ఆటో అతను, ఇడ్లీ బండి దగ్గర మనిషి, కళాశాల గేటు దగ్గర కాపలాదారు, ముగ్గురూ ఒకే ప్రశ్న అడిగారు. "దర్శనం బాగా అయ్యిందా సామీ?" మొదటి ఇద్దరికీ వివరించాను. మూడో మనిషికి దండం పెట్టి ఊరుకున్నాను. ఇడ్లీలు మాత్రం గొప్పవి. నాలుగు ఇడ్లీలు ఆరు రూపాయలు. వేరుశనగ చట్నీ ఎంత అడిగితే అంత.

ఎస్తేరు సన్నబడింది. "అమ్మ పంపిందా మామయ్యా?" అని అడిగి, జవాబు కోసం చూడకుండా నన్ను ప్రయోగశాలకు తీసుకుపోయింది. పన్నెండు కంప్యూటర్లు ఒకే గదిలో గుర్రుమంటున్నాయి. ఒక తెర మీద తలకిందులుగా వేలాడదీసిన చెట్టులాంటి బొమ్మ ఉంది. మానులాంటి పెద్ద గొట్టం గొంతు. అది రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా చీలుతూ చివరికి వెంట్రుకలంత సన్నబడింది. కొమ్మల్లో నీలం, ఎరుపు రంగులు కదులుతున్నాయి.

"ఆ రంగులే గాలి వేగం. ఇవి పలమనేరులో మునెమ్మ అనే ఆవిడ ఊపిరితిత్తులు. స్కాను బొమ్మల నుంచి తయారుచేశాం" అంది ఎస్తేరు.

ఒక మనిషి ఛాతీలో ఇంత పనితనం ఉందని నేను యాభై తొమ్మిదేళ్ళు ఊపిరి పీలుస్తూ కూడా తెలుసుకోలేదు. అక్కడే నిలబడి మనసులో స్తోత్రం చెప్పుకున్నాను.

ఇలాంటి లెక్క ఒక్కటి పూర్తవడానికి రెండున్నర రోజులు పడుతుందట. అదీ కరెంటు పోకుంటే. స్కాను తీయించుకున్న మనిషికి డాక్టరు ఆ పూటే జవాబు చెప్పాలంటే ఇది కుదరదు. అందుకని ఎస్తేరు ఒక న్యూరల్ నెట్‌వర్క్ తయారుచేసింది. ఆ మాట నాకు కొరుకుడు పడలేదు.

"నువ్వు బడిలో పలక చూడకుండానే పిల్లవాడి మొహం చూసి లెక్క తప్పిందని చెప్పేవాడివి కదా మామయ్యా. ఎలా?"

"ఏళ్ళ తరబడి చూశాను గనక."

"ఇదీ అంతే. మూడేళ్ళలో చేసిన లెక్కలన్నీ జవాబులతో సహా దీనికి చూపించాను. మొదట్లో అన్నీ తప్పులే చెప్పింది. తప్పు చెప్పినప్పుడల్లా లోపలున్న అంకెల్ని కాస్త కాస్త సర్దుకుంది. ఇప్పుడు కొత్త మనిషి గాలి దారుల కొలతలు ఇస్తే, ఆ మనిషి గట్టిగా ఊదితే నోటి దగ్గరికి గాలి ఎంత జోరుగా రావాలో చెబుతుంది."

"ఎంతసేపట్లో?"

ఆమె ఒక మీట నొక్కింది. నేను రెప్ప వేసి తెరిచేలోగా అంకె వచ్చేసింది. రెండున్నర రోజుల పని! నేను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

"మరి దిగులెందుకు?"

"అది చెప్పిన మాట మనిషి ఊపిరితో కలవడం లేదు" అంది ఎస్తేరు.

స్కాను తీసిన మనుషుల చేత, ఊపిరి జోరు కొలిచే మిషనుకు తగిలించిన అట్ట గొట్టంలో ఊదించి కొలుస్తుందట. కళాశాల పిల్లల విషయంలో రెండు అంకెలూ చక్కగా కలిశాయి. పలమనేరులో కట్టెల పొయ్యి మీద కోవా కాచే పన్నెండు మంది ఆడవాళ్ళ దగ్గర మాత్రం ఘోరంగా విడిపోయాయి. మునెమ్మకు నెట్‌వర్క్ చెప్పింది నిమిషానికి మూడు వందల నలభై లీటర్లు. మిషను చూపింది రెండు వందల పది.

ఇంతలో ప్రొఫెసరుగారు వచ్చారు. అరవైకి దగ్గర మనిషి, నుదుట సన్నని నామం, చేతి సంచిలో ఇంటి నుంచి తెచ్చుకున్న రాగి చెంబు. నన్ను కూర్చోబెట్టి తాను నిలబడే మాట్లాడారు.

"మీ అమ్మాయి తెలివి మీద నాకు అనుమానం లేదండీ. మునెమ్మగారికి రెండున్నర రోజుల పెద్ద లెక్క కూడా వేయించాను. అదీ నెట్‌వర్క్ మాటే చెప్పింది. అంటే గురువు ఎక్కడ తప్పాడో శిష్యుడూ అక్కడే తప్పాడు. ఊదిన ఊపిరి అబద్ధం చెప్పదు కదా. పొగ తాగిన ఊపిరితిత్తుల్ని మన లెక్క అర్థం చేసుకోలేకపోతోంది. కారణం తేలకపోతే ఆ అధ్యాయం తీసేసి మొదటి నుంచి రావాల్సిందే." సంచిలోంచి చెంబు తీస్తూ, "నిజానికి మొదట తప్పింది నా దగ్గరే. నాకు నెట్‌వర్క్ నాలుగు వందల డెబ్బై అంది. నేను ఊదితే మూడు వందల పది. వయసు అనుకుని పక్కన పెట్టాం" అన్నారు.

చెంబు ఎత్తి నీళ్ళు గొంతులోకి పోసుకున్నారు. రైల్లో చూసినదానికంటే ఎత్తు నుంచి. మాట్లాడిన మాటలో కఠినం లేదు. శిష్యురాలి మీద ప్రేమ ఉన్నా తప్పుడు జవాబును ఒప్పుకోని మనిషి ఆయన. నేను బడిలో అలాగే ఉండాలనుకుని ఉండలేకపోయాను.

"రేపు పలమనేరు పోయి ఇంకోసారి కొలిచి వస్తాను" అంది ఎస్తేరు. నేనూ బయల్దేరాను.

చిత్తూరు దారిలో

చిత్తూరు ఇంకా ఐదారు మైళ్ళుందనగానే బస్సులోకి మామిడి వాసన కొట్టింది. రసం తీసే ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి ఉన్నాయి. డ్రైవర్లు వాటి కిందే గుడ్డలు పరుచుకుని పేకాడుతున్నారు. మనకు మామిడి అంటే రసాలూ బంగినపల్లీ. ఇక్కడ ముక్కు వంకర తిరిగిన తోతాపురిని ఉప్పూకారం అద్ది బస్సు కిటికీలో అందిస్తారు. ముక్క రూపాయి. రెండు తినేసరికి పళ్ళు పులిశాయి.

చిత్తూరులో భోజనం పద్దెనిమిది రూపాయలు. వడ్డించే మనిషి ఒక బల్ల దగ్గర తమిళం, మరో బల్ల దగ్గర తెలుగు, మా దగ్గర రెండూ కలిపి మాట్లాడాడు. అన్నంలో పప్పుకంటే ముందు సాంబారు పోశాడు. నేను "పప్పేదయ్యా?" అంటే, "అదే సార్ పప్పు, ఈతకు పోయుండాది" అన్నాడు. ఎస్తేరు ఆ రోజు మొదటిసారి నవ్వింది.

పలమనేరు వైపు ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే గాలి చల్లబడింది. జూన్‌లో బాపట్లలో తువ్వాలు తడుపుకుని తిరిగే నేను కిటికీ మూసుకున్నాను. ఎస్తేరు కిటికీకి తల ఆనించి, "మామయ్యా, తీసేయమంటే తీసేస్తాను. కానీ నెట్‌వర్క్ తప్పని నాకు అనిపించడం లేదు. అలా అనిపించడం గర్వమా?" అని అడిగింది. తెలియని చోట నేను చేసే పని ఒకటే, ప్రార్థన మొదలుపెట్టాను. పలమనేరు వచ్చేదాకా కళ్ళు తెరవలేదు.

కోవా పొయ్యిల దగ్గర

ఊరి అంచున రేకుల షెడ్డులో నాలుగు పెద్ద పొయ్యిలు. ఒక్కో పొయ్యి మీద ఇనుప బాండలి, అందులో మరుగుతున్న పాలు. తెడ్డుతో ఆపకుండా తిప్పుతూ ఉండాలి. ఒక్క క్షణం చెయ్యి ఆగితే అడుగంటుతుంది. పొగకు నా కళ్ళు మండి నీళ్ళు కారాయి. ఆడవాళ్ళు మాత్రం ఆ పొగలోనే ఊరి ముచ్చట్లు చెప్పుకుంటున్నారు.

మునెమ్మది నలభై ఐదేళ్ళ వయసు. పొడుగు మనిషి, గొంతు ఇంకా పెద్దది. ఎస్తేరును చూడగానే, "వచ్చినావా అమ్మణ్ణీ! మల్లా ఊదాలా? ఈ తూరి మిసను పగిలిపోతాది సూడు" అంది. నన్ను చూసి, "ఈ సామి యెవరు? దర్శనం అయినంక ఈడికొచ్చినారా?" అంది.

"మా మామయ్య. బాపట్లలో అయివారు."

"అయివారా! అయితే ముందు సంగటి తినాల."

రాగి సంగటి ముద్ద, పక్కన వేరుశనగల పచ్చడి. నేను నోట పెట్టుకుని శ్రద్ధగా నమలడం మొదలుపెట్టాను. షెడ్డులో అందరూ నా దవడనే చూస్తున్నారు. మునెమ్మ ఇక ఉండబట్టలేక, "సార్, అది నమిలేది కాదు, మింగేది. మీరు నమిలి తినేసరికి మా కోవా గూడ అయిపోతాది" అంది. మింగి చూశాను. చల్లగా గొంతు దిగింది. రెండో ముద్ద అడిగి పెట్టించుకున్నాను.

కొలత మొదలైంది. ఎస్తేరు బల్ల మీద మిషను పెట్టి, కొత్త అట్ట గొట్టం తగిలించి, "నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదక్కా" అంది. మునెమ్మ పైట చెరగు నోటికి అడ్డం పట్టుకుని, పిడికిలిలో గొట్టం బిగించి, కళ్ళు మూసుకుని ఊదింది. మెడ నరాలు తేలాయి. అంకె రెండు వందల ఐదు.

"అంతేనా?" మునెమ్మకే నచ్చలేదు. "నేను ఊదితే పచ్చి కట్టె గూడ అంటుకుంటాది. నీ మిసనుకు నామీద కోపమేమో అమ్మణ్ణీ."

ఎస్తేరు అంకె రాసుకుంది. పెన్ను ఆగి ఆగి కదలడం చూశాను. ఇంకో ఆవిడ ఊదింది. మరొకరు ఊదారు. అందరివీ తక్కువే.

ఊదడం అయ్యాక గొట్టాన్ని తీసి పక్కన బుట్టలో వేయడం నా పనిగా పెట్టుకున్నాను. అది నా అలవాటు వల్ల వచ్చింది. మన సంఘంలో ప్రభువు బల్ల నాడు ద్రాక్షరసానికి ఇప్పటికీ ఒకటే గిన్నె కదా. ముప్పై ఏళ్ళుగా నేను గిన్నె పట్టుకుని వరుస వెంట నడిచి, ఒక్కొక్కరూ తాగాక తెల్లని గుడ్డతో అంచు తుడిచి తర్వాతి వారికి అందిస్తున్నాను. ఆ చెయ్యి ఊరుకోదు. మునెమ్మ గొట్టాన్ని కూడా రుమాలుతో తుడిచాను. రెండోది తుడిచాను. మూడోది తుడిచి బుట్టలో వేయబోతూ ఆగిపోయాను.

రుమాలు పొడిగా ఉంది.

మూడు గొట్టాలూ తీసి చూశాను. అంచు మీద పెదవి ముద్ర లేదు. అట్ట మెత్తబడలేదు. ఆ తేడా నాకు తెలిసినట్టు ఈ దేశంలో ఎక్కువమందికి తెలియకపోవచ్చు. గిన్నె చేతికి తిరిగి వచ్చిన క్షణాన, అంచు తాకిన పెదవేదో తాకని పెదవేదో నా గుడ్డకు తెలిసిపోతుంది.

"ఎస్తేరూ, నీ కళాశాల పిల్లలు ఊదిన గొట్టాలు ఎలా ఉంటాయి?"

"నాని ముద్దయిపోతాయి మామయ్యా. ఏం?"

నేను పొయ్యి వైపు చూశాను. మంట తగ్గిందని మునెమ్మ ఇనుప ఊదుగొట్టం అందుకుని వంగి ఊదుతోంది. ఈసారి పైట అడ్డం లేదు. గొట్టానికీ ఆమె పెదాలకీ మధ్య వేలెడు సందుంది. మంట భగ్గున లేచింది. ఆ గొట్టాన్నే పక్కావిడ అందుకుంది. ఆమె కూడా అలాగే దూరం పెట్టి ఊదింది.

"మునెమ్మా, దాన్ని నోటికి ఆనించరా?"

"అందరి గొట్టం గదా సార్. నోరు పెడితే ఎంగిలి గాదా? ఎట్లైనా దూరంగా ఊదితేనే మంట బాగా లేస్తాది."

"మరి అమ్మాయి మిషను గొట్టం?"

ఆమె నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. "అది అమ్మణ్ణి వస్తువు. సదువుకున్న పిల్ల అంత దూరం నుంచి తెచ్చిన దాన్ని మేం ఎంగిలి సేసి ఇస్తే మరియాదగా ఉంటాదా?"

ఎస్తేరు చేతిలో పెన్ను కింద పడింది. "నోట్లో పెట్టుకోమన్నానే అక్కా! ప్రతిసారీ అన్నానే!"

"పెట్టుకున్నట్టే ఊదినాం గదా అమ్మణ్ణీ. నువ్వు బాధ పడతావని చెప్పలా."

కళాశాల పిల్లలు ఒకరి సీసా ఒకరు నోట కరుచుకునేవాళ్ళు. వాళ్ళ ఊపిరంతా మిషనులోకి పోయింది. వీళ్ళ ఊపిరిలో మూడో వంతు మర్యాదకు పోయింది. పైట చాటున ఆ సందు ఎస్తేరుకు కనపడలేదు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మన సంఘంలోనే ఒక చెల్లెలి దగ్గర గిన్నె అంచు ఎప్పుడూ పొడిగా తిరిగి వస్తుంది. ఆమె తనను మనకంటే ఎత్తులో పెట్టుకుందని ఇన్నేళ్ళూ లోపల్లోపల అనుకుంటూ వచ్చాను. మునెమ్మ మాట విన్నాక తల ఎత్తలేకపోయాను. ఆ చెల్లెలు కూడా మన కోసమే పెదవి ఆనించడం లేదేమో. ఒక్కసారైనా అడిగానా?

ఇప్పుడేం చేయాలి? "ఏం ఫరవాలేదు, నోరు పెట్టండి" అని ఎస్తేరు బతిమాలింది. ముగ్గురూ తలలు ఊపారే గానీ గొట్టం అందుకోలేదు. అప్పుడు రైల్లో ఆవిడ మాట గుర్తొచ్చింది. ఉంచుకోండి సామీ, అది మీకే. జేబులోంచి పెన్ను తీసి కొత్త గొట్టం మీద పెద్ద అక్షరాలతో 'మునెమ్మ' అని రాశాను.

"ఇది నీదమ్మా. ఊదాక మాకు ఇవ్వొద్దు. ఇంటికి తీసుకుపో."

"నాదేనా?" గొట్టం అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "నాదైతే సరే." చిన్న పిల్ల బూర ఊదినట్టు పెదాలు బిగించి నోట పెట్టుకుంది. పైట అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయింది. ఊదింది.

మూడు వందల ముప్పై ఐదు.

నెట్‌వర్క్ చెప్పింది మూడు వందల నలభై. ఎస్తేరు అంకె చూసింది, మునెమ్మను చూసింది, పొగ వంక పెట్టుకుని కళ్ళు తుడుచుకుంది. మునెమ్మ మాత్రం, "నేను చెప్పలా! మిసను ఇప్పుడు దారికొచ్చింది" అని తెడ్డు అందుకుంది.

శనివారం సాయంత్రానికి పన్నెండు గొట్టాల మీద పన్నెండు పేర్లు రాశాను. ఒక్కో అంకె నెట్‌వర్క్ మాటకు దగ్గరగా వచ్చి నిలుస్తుంటే నాకు ఒళ్ళు పులకరించింది. గంగులమ్మ అనే పెద్దావిడ దగ్గర మాత్రం మా సంబరం ఆగింది. ఆమె పెదాలు గట్టిగానే బిగించింది. గొట్టం తడిసింది. అంకె నూట ఎనభై. నెట్‌వర్క్ ఆమెకు ముందునుంచే నూట తొంభై అంటోంది. స్కానులో ఆమె గాలి దారులే ఇరుకుగా ఉన్నాయి. పన్నెండు మందివీ తక్కువగా వచ్చినన్నాళ్ళూ నిజంగా జబ్బుపడిన ఈ ఒక్క మనిషి వాళ్ళలో కలిసిపోయింది. ఎస్తేరు అక్కడే కూర్చుని పెద్దాసుపత్రి డాక్టరుకు ఉత్తరం రాసింది. గంగులమ్మ కొడుకును పిలిపించి, ఈ వారంలోనే తీసుకెళ్తానని అతని చేత అనిపించుకుంది.

"మిసను నన్ను బాగా పట్టింది గదమ్మా" అంది గంగులమ్మ దగ్గుతూ.

"పట్టుకోవడానికే చేశాను అవ్వా" అంది ఎస్తేరు.

ఆదివారం పలమనేరులోనే ఒక చిన్న సంఘంలో ఆరాధనకు వెళ్ళాం. ముప్పై మంది ఉంటారు. అక్కడ బల్ల దగ్గర మనిషికొక బుల్లి గ్లాసు ఇస్తారు. తుడిచే పని లేక నా చేతికి ఏమీ తోచలేదు. వాక్యం చెప్పమంటే, ఊపిరి ఇచ్చినవాడి గురించీ, ఆ ఊపిరిని మనం కొలిచే తీరు గురించీ చెప్పి, మునెమ్మ కథ చెప్పాను. అందరూ నవ్వారు. వెనక వరుసలో ఇద్దరు ఆడవాళ్ళు మాత్రం తమ సంగతే చెప్పినట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సోమవారం

పేర్లు రాసిన గొట్టాల సంగతి ఎస్తేరు చెప్పాక, ప్రొఫెసరుగారు కాగితం మీద పాత అంకెలూ కొత్త అంకెలూ వేలు పెట్టి ఒక్కొక్కటే చదివారు. గంగులమ్మ దగ్గర వేలు చాలాసేపు ఆగింది. ఎస్తేరు నిలబడే ఉంది. ఆమె రెండు చేతులూ కుర్చీ వీపును పట్టుకున్న తీరు చూసి నేను ప్రార్థన మొదలుపెట్టాను.

"పెదాలా?" అన్నారాయన చివరికి.

"పెదాలే సార్."

ఆయన బల్ల మీదున్న రాగి చెంబు వైపు చూశారు. తర్వాత లేచి అలమరలోంచి ఒక కొత్త అట్ట గొట్టం తెచ్చుకున్నారు. మిషనుకు తగిలించారు. వంగి, నోటి దాకా తెచ్చి, ఆగిపోయారు. అరవై ఏళ్ళ అలవాటు ఆ వేలెడు సందులో నిలబడింది. గొట్టం మళ్ళీ ఊడదీసి నా వైపు చాచారు.

"ఏమండీ, మీ పెన్ను ఉందా?"

ఆయన పేరు చాలా పొడుగు. ఊరి పేరుతో మొదలుపెట్టి రాస్తుంటే అక్షరాలు గొట్టం చుట్టూ తిరిగి మొదటికి వచ్చాయి. ఆయన చదువుకుని, తల ఊపి, మిషనుకు తగిలించి, పెదాలు బిగించి ఊదారు. పన్నెండు కంప్యూటర్ల మోతలో కూడా ఆ ఊపిరి వినిపించింది.

నాలుగు వందల అరవై.

ఆయన బయటికి వెళ్ళి నోరు పుక్కిలించుకుని, మొహం తుడుచుకుని వచ్చి కూర్చున్నారు.

"ఈ నెట్‌వర్క్ అప్పుడే నా సంగతి నాకు సరిగ్గా చెప్పిందమ్మా. నేనే వినలేదు. అధ్యాయం ఉంచు. ముందుకు పో."

ఎస్తేరు తల ఊపింది.

"పట్టికలో నా అంకెలు రెండూ వెయ్యి. మూడు వందల పది కొట్టెయ్యకు. పక్కన కారణం రాయి."

"అలాగే సార్. కానీ పట్టికలో పేర్లు వేయం కదా, వరస నంబర్లే."

"మొదటి నంబరు నాదని మీ ఇద్దరికీ తెలుసు కదా. చాలు."

నేను అలవాటు కొద్దీ రుమాలు తీసి, తుడవడానికి గొట్టం కోసం చెయ్యి చాచాను. ప్రొఫెసరుగారు ఇవ్వలేదు.

"ఇది నాదండీ" అని, తడిసిన ఆ అట్ట గొట్టాన్ని కాగితంలో చుట్టి సంచిలో చెంబు పక్కన పెట్టుకున్నారు.